గోపాల్‌పూర్ గోడల గురించి తమ్ముడికి

తమ్ముడూ,

ఒడిశా తీరంలోని పాత రేవు గోపాల్‌పూర్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను, మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టిందని టెన్షన్ పడి ఉంటావు. పడకు. నీకు చూసే కన్ను ఉంది, వాక్యం తడబడకుండా నడుస్తుంది. కానీ లైట్‌హౌస్ దగ్గర మొదలుపెట్టి పాత గోదాముల గోడల దాకా నువ్వు నడిచిన ఆ దారి మొత్తంలో ఒక్క మనిషి కూడా పని చేస్తూ నాకు కనిపించలేదు. గోడలు రోదించాయి, కెరటాలు నిట్టూర్చాయి, కాలం మౌనంగా నిలబడింది. ఈ మాటలు ఏ పాడుబడ్డ కోట దగ్గరికి వెళ్లినా రాయొచ్చు. గోపాల్‌పూర్‌లో మాత్రమే రాయగలిగిన మాట ఇందులో ఏది?

ముందు ఆ గోడలు ఎందుకు కట్టారో కనుక్కో. పాతరోజుల్లో అక్కడ ఓడ ఒడ్డుకి వచ్చేది కాదు. స్టీమరు దూరంగా లంగరు వేసుకుని ఆగేది, ధాన్యమైనా తోళ్లైనా రంగం వెళ్లే కూలీలైనా మసూలా పడవలో కెరటాలు దాటి దాని దాకా వెళ్లాల్సిందే. (రంగం అంటే రంగూన్. నీ వయసువాళ్లకి ఇది చెప్పాల్సి వస్తోంది. గంజాం, శ్రీకాకుళం వైపు ఇళ్లల్లో ముసలివాళ్ల నోట "రంగం పోయాడు" అన్న మాట నేను చాలాసార్లు విన్నాను.) రైలు వచ్చి సరుకులో కొంత లాక్కుంది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతిలో పడ్డాక ఆ దారే మూసుకుపోయింది. కూలికెళ్లినవాళ్లలో ఎంతోమంది బర్మా అడవులు దాటుకుంటూ కాలినడకన తిరిగొచ్చారు, దారిలో పోయినవాళ్లు పోయారు. ఇంత కథనీ నువ్వు "కాలగర్భం" అన్న ఒక్క మాటలో పడేసి ముందుకెళ్లిపోయావు.

నేనూ చేశాను ఇలాంటి పని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇరవై రెండేళ్లప్పుడు ఒక కథ రాశాను. అందులో కెరటం కొట్టిన దెబ్బకి మసూలా పడవ మేకులు ఊడిపోతాయి. అచ్చయింది కూడా. అది తీసుకెళ్లి జాలరిపేటలో ఒక తాతకి చదివి వినిపించాను. మేకు అన్న మాట దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపాడు. "మేకేటమ్మా? మేకులెడితే పగిలిపోదా?" పలకకి పలక కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారట. మేకులతో బిగించిన పడవ అంత కెరటంలో ఇసుకకి తగలగానే విరిగిపోతుంది, కుట్టిన పడవ కెరటంతో పాటు వంగుతుంది. ఆయన రెండు చేతుల వేళ్లూ ఒకదానిలో ఒకటి దూర్చి, బిగించకుండా, అటూ ఇటూ మెల్లగా ఊపి చూపించాడు. తాడు లాగీ లాగీ చూపుడువేలు మొదట్లో పడ్డ గీత తెల్లగా, గట్టిగా ఉంది. కుట్లలోంచి నీళ్లు రావా తాతా అని అడిగితే, "వస్తాయి. తోడుకోవాల" అన్నాడు.

ఆ కథని నేను ఏ పుస్తకంలోనూ చేర్చలేదు.

ఇక ఇసుక. తడి ఇసుక మీద నల్లటి చారల్ని "దుఃఖపు కాటుక" అన్నావు. అది ఇల్మనైట్ అనే ఖనిజం, తమ్ముడూ. అక్కడికి ఉత్తరాన ఛత్రపూర్ దగ్గర ఆ ఇసుకని తవ్వి ఖనిజాలు వేరు చేసే ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉంది. మన గోడలకేసే తెల్ల రంగులో ఉండే టైటానియం డయాక్సైడ్ ఎక్కువగా ఇల్మనైట్ నుంచే తీస్తారు. నల్ల ఇసుకలోంచి తెల్ల రంగు! ఇది నీ కాళ్ల కింద ఉంటే నువ్వు కాటుక దగ్గర ఆగిపోయావు. పైగా ఆ తీరంలో పని చచ్చిపోయిందన్నట్టు రాశావు. పని చావలేదు, చోటు మారింది. ఇప్పటి పోర్టు కూడా కాస్త ఉత్తరాన నడుస్తూనే ఉంది.

నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది ఒక వాక్యం: "జాలర్లు ఏదో అర్థం కాని భాషలో అరుస్తున్నారు." ఒడియావాళ్లు నోళియాలని పిలిచే ఆ మనుషులు ఇంట్లో మాట్లాడేది తెలుగే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ తీరమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. వాళ్ల పిల్లలు బడిలో ఒడియా చదువుకుంటారు, ఒడ్డుకొచ్చి తెలుగులో పోట్లాడుకుంటారు. నువ్వు నాలుగడుగులు దగ్గరికి వేసుంటే నీ అమ్మమ్మ మాటే వినపడేది. ఆ నాలుగడుగులు వెయ్యడానికి సిగ్గుపడ్డావని నాకు తెలుసు, ఆ వయసులో నాకూ ఉండేది. కెమెరా బ్యాగులో పెట్టెయ్, ఊరికే కూర్చో. "మీ జీవితం ఎలా ఉంది" అని మాత్రం అడగకు, ఎవరూ జవాబు చెప్పలేరు. 2013 అక్టోబర్ 12 రాత్రి పైలిన్ తుఫాను తీరం దాటింది అక్కడే కదా, ఆ రాత్రి పిల్లల్ని తీసుకుని ఎక్కడున్నారని అడుగు. పడవ ఎక్కడ కట్టారని అడుగు. ఆ తర్వాత నువ్వు అడగాల్సింది ఏమీ ఉండదు.

వచ్చే ఆదివారం బరంపురం వచ్చెయ్. రాత్రి మా ఇంట్లో పడుకుందువుగాని, తెల్లారకుండా బయల్దేరితే గోపాల్‌పూర్ ఎంతో దూరం కాదు. ఒడ్డు మీద నిలబడి అందరూ కలిసి లాగే పెద్ద వల ఉంటుంది, అలివి వల. అది లాగుతుంటే నువ్వూ ఒక తాడు పట్టుకో. అరచేతులు మండుతాయి, పట్టుకో. వల ఒడ్డుకొచ్చాక చేపల్లో కవళ్లు ఏవో నెత్తళ్లు ఏవో అక్కడి ఆడవాళ్లనే అడిగి, వాళ్లు పలికినట్టే రాసుకో. గోడల దగ్గరికి ఎండెక్కాక వెళ్దాం. గోదాము తలుపు సముద్రం వైపు ఉందో ఊరి వైపు ఉందో నీ వ్యాసంలో లేదు, అది చూడాలి.

అక్క