ఇన్‌స్టా ఉండగా కొత్త యాప్ ఎవరు చూస్తారు?

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం. మా అబ్బాయి మధురవాడ దగ్గర ఒక కాలేజీలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) చదువుతున్నాడు, త్రీ-టూ, అంటే మూడో ఏడు రెండో సెమిస్టర్, అయిపోవచ్చింది. ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఉత్తరాంధ్ర స్టూడెంట్స్ కోసం కొత్త సోషల్ మీడియా యాప్ పెడతానంటున్నాడు. క్యాంపస్ ప్లేస్‌మెంట్లకి కూర్చోడట. 3 లక్షలు కావాలట. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ఉండగా ఇంకో యాప్ ఎవరు చూస్తారు సార్? వాళ్లమ్మకి ఒకటే టెన్షన్. వాడు గీసిన స్క్రీన్లు ఐదూ పంపుతున్నాను. ఏం చెప్పమంటారు?

జవాబు: నమస్కారమండీ. డబ్బు సంగతి ముందు చెప్పేస్తాను, ఆ 3 లక్షలు ఇప్పుడే ఇవ్వకండి. అలాగని ఆ యాప్ పిచ్చి ఆలోచన అని కూడా అబ్బాయితో అనకండి. పంపిన ఐదు స్క్రీన్లలో నాలుగు అనవసరం. ఒకటి మాత్రం బాగుంది.

‘ఇంకో యాప్ ఎవరు చూస్తారు’ అన్న ప్రశ్న మీకే కాదు, అందరికీ వచ్చేదే. ఒకప్పుడు మన ఇంజినీరింగ్ కుర్రాళ్లకి ఆర్కుట్ అనే సోషల్ మీడియా సైటే లోకం. గూగుల్ వాళ్లదే అయినా 2014 సెప్టెంబరు 30న అది మూతపడింది. ఆ గూగులే 2011లో గూగుల్ ప్లస్ తెచ్చింది. డబ్బుకి లోటు లేదు, ఇంజినీర్లకి లోటు లేదు, జీమెయిల్ ఖాతాలు కోట్లలో ఉన్నాయి. అయినా 2019 ఏప్రిల్‌లో మామూలు జనానికి దాన్ని ఆపేశారు. ఇన్‌స్టాగ్రామ్ కథ వేరు. ఫేస్‌బుక్ 2012లో 100 కోట్ల డాలర్లకి దాన్ని కొన్నప్పుడు అందులో పనిచేసేవాళ్లు 13 మంది. అప్పటికే ఫేస్‌బుక్ రాజ్యమేలుతోంది, అయినా ఆ 13 మంది పైకొచ్చారు. తర్వాత 2015లో వచ్చిన డిస్కార్డ్ కూడా అంతే, గేమ్ ఆడుకుంటూ మాట్లాడుకునేవాళ్ల కోసం మొదలై నిలబడింది.

తేడా ఎక్కడుందంటే, ఇన్‌స్టాగ్రామ్ కొత్తలో మీకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేకపోయినా అది పనికొచ్చేది. ఫోన్‌తో తీసిన మసక ఫొటోకి ఫిల్టర్ వేస్తే చూడముచ్చటగా తయారయ్యేది. స్నేహితులు తర్వాత వచ్చారు. గూగుల్ ప్లస్‌లో చేరినవాడికి చేరాక చేయడానికి ఏమీ లేదు. సోషల్ మీడియాకి పెద్ద శాపం ఇదే. జనం లేరని జనం రారు, ఖాళీగా ఉన్న టిఫిన్ సెంటర్‌లోకి ఎవరూ అడుగు పెట్టనట్టు.

మన దేశంలో ఇటీవలి ఉదాహరణ ‘కూ’ అనే యాప్, ట్విట్టర్ లాంటిదే. మీ అబ్బాయికి ఈ కథ వివరంగా చెప్పాలి, ఎందుకంటే ‘మన భాషలో, మన వాళ్ల కోసం’ అన్న మాట ఆ యాప్‌దే. 2020లో వచ్చింది, ఆ ఏడాదే కేంద్రం పెట్టిన ఆత్మనిర్భర్ యాప్ పోటీలో బహుమతి తెచ్చుకుంది. 2021 మొదట్లో రైతుల ఆందోళన సమయంలో కొన్ని ఖాతాల విషయమై ప్రభుత్వానికీ ట్విట్టర్‌కీ గొడవొచ్చింది. కేంద్రమంత్రులు స్వయంగా కూలో ఖాతాలు తెరిచారు. పేరున్న ఇన్వెస్టర్లు కోట్లు పెట్టారు. తెలుగులోనూ నడిచింది. 2024 జులైలో మూసేశారు. పెద్ద కంపెనీలతో చర్చలు ఫలించలేదని, టెక్నాలజీ ఖర్చు మోయలేకపోయామని వ్యవస్థాపకులే చెప్పుకున్నారు. నాకు అర్థమైనంతలో, అక్కడికి వెళ్లిన చాలామంది ట్విట్టర్ మీద కోపంతో వెళ్లినవాళ్లు. కోపం చల్లారింది, వెనక్కి వచ్చేశారు. కూలో తప్ప ఇంకెక్కడా కుదరని పనంటూ ఒకటి వాళ్లకి దొరకలేదు.

షేర్‌చాట్ కూడా భారతీయ భాషలదే. 2015లో ఐఐటీ కాన్పూర్ కుర్రాళ్లు ముగ్గురు మొదలుపెట్టారు. దాన్లో ఇంగ్లిష్‌కి అసలు చోటే ఇవ్వలేదు. వాట్సాప్‌లో పంపుకోవడానికి శుభోదయం బొమ్మలు, జోకులు, పాటల ముక్కలు జనం వెతుక్కుంటున్నారు, ఇది అవి అందించింది. వాట్సాప్‌తో పోటీకి పోకుండా దాని పక్కనే బతికింది. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ని నిషేధించగానే కొద్ది రోజుల్లోనే మోజ్ అనే చిన్న వీడియోల యాప్ దింపింది. ఆ వారాల్లో డజన్ల కొద్దీ దేశీ వీడియో యాప్‌లు పుట్టుకొచ్చాయి, మీ అబ్బాయిని అడిగితే వాటిలో ఎన్ని పేర్లు గుర్తున్నాయో చెబుతాడు. టిక్‌టాక్ ఖాళీ చేసిన చోటులో ఎక్కువ భాగం ఇన్‌స్టా రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ కొట్టేశాయి. పెద్దవాడు ఖాళీ చేసిన కుర్చీ కూడా చిన్నవాడికి తేలిగ్గా దక్కదు.

ఇక స్క్రీన్ల దగ్గరికి వద్దాం. మొదటిది ఫీడ్, రెండోది స్టోరీలు, మూడోది చాట్. ఈ మూడూ అచ్చం ఇన్‌స్టానే, రంగు మార్చారంతే. తీసేయమనండి. నాలుగోది ‘కన్ఫెషన్స్’, అంటే పేరు లేకుండా రాసుకునే గోడ. దీన్ని చూసి నాకు కొంచెం భయం వేసింది. యిక్ యాక్ అని అమెరికాలో ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు 2013లో సరిగ్గా ఇదే పెట్టారు, చుట్టుపక్కల కొన్ని మైళ్లలో ఉన్నవాళ్లు పేరు లేకుండా రాసుకోవచ్చు. ఏడాది తిరిగేసరికి దాని విలువ దాదాపు 40 కోట్ల డాలర్లని లెక్కకట్టారు. ఆ వెంటే అమ్మాయిల మీద బూతులు, ఏడిపించడం, బెదిరింపులు మొదలయ్యాయి. స్కూళ్ల చుట్టూ యాప్ పనిచేయకుండా కంపెనీయే అడ్డు పెట్టాల్సొచ్చింది. చివరికి ఏదో ఒక పేరు పెట్టుకోవాల్సిందేనన్నారు, దాంతో ఉన్న జనమూ జారిపోయారు. 2017లో మూత. నాలుగేళ్ల తర్వాత వేరే యాజమాన్యం కింద మళ్లీ వచ్చిందనుకోండి, ఆ తొలి కుర్రాళ్లకి దాంతో సంబంధం లేదు. మన దగ్గరైతే ఏ అమ్మాయి ఫొటోనో ఎవడో పెడతాడు, ఆ ఇంటివాళ్లు ముందు వెతికేది యాప్ ఎవరి పేరు మీద ఉందా అనే. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఇలాంటి వేదిక నడిపేవాళ్లు ఫిర్యాదులు చూసే అధికారి పేరు, వివరాలు అందరికీ కనబడేలా పెట్టాలి. ముగ్గురిలో ఆ పేరు ఎవరిదని అడగండి. ఇంటర్ పిల్లల్ని కూడా చేర్చుకుంటామని రాశాడు. 2023 డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, అది నిజమైనదో కాదో సరిచూసుకోవాలి. ఇంటర్ వద్దు, కన్ఫెషన్స్ అంతకన్నా వద్దు.

ఐదోది, అన్నిటికన్నా చివర మూలకి నెట్టేసినది: ‘రూమ్స్ అండ్ నోట్స్’. శ్రీకాకుళం, పార్వతీపురం, నర్సీపట్నం నుంచి వచ్చిన పిల్లలకి మధురవాడ, ఎంవీపీ కాలనీ, ద్వారకానగర్‌లలో గది, రూమ్‌మేట్, పాత మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షల) పేపర్లు, సీనియర్ల పుస్తకాలు దొరికే చోటు. యాప్ అంటే ఇదే పెట్టమనండి. ఇప్పుడీ పనంతా వాట్సాప్ గ్రూపుల్లో జరుగుతోంది. గ్రూపులో 1,024 మందికి మించి పట్టరు. పొద్దున పెట్టిన ‘టూ షేరింగ్, ఒక బెడ్ ఖాళీ’ అన్న మెసేజ్ సాయంత్రానికి పుట్టినరోజు శుభాకాంక్షల కింద కూరుకుపోతుంది. గది నిండిపోయిందో లేదో తెలియదు, అడ్వాన్స్ ఎంతో తెలియదు, ఓనర్ నంబరో బ్రోకర్ నంబరో అంతకన్నా తెలియదు. ఇన్‌స్టా ఇది చేయదు, చేయాలన్న ఆసక్తీ దానికి లేదు.

ఒక చిక్కు ఉంది. గది దొరికాక ఆ యాప్ ఎవరు తెరుస్తారు? కౌన్సెలింగ్ అయి క్లాసులు మొదలయ్యే నెల, రెండు నెలలు హడావుడి, తర్వాత ఖాళీ. అందుకే నోట్స్ భాగం కావాలి. గది కోసం వచ్చినవాడు మిడ్స్ ముందు పేపర్ల కోసం మళ్లీ రావాలి. అలా వస్తాడో రాడో మీరూ నేనూ కూర్చుని తేల్చలేం, పెట్టి చూడాల్సిందే. ఫేస్‌బుక్ కూడా 2004లో ఒక్క హార్వర్డ్‌లో మొదలై ఒక్కో కాలేజీ కలుపుకుంటూ వెళ్లింది, అందరికీ తలుపులు తీసింది 2006లోనే. మీవాడు ఉత్తరాంధ్ర మొత్తం అంటున్నాడు, తన కాలేజీలో ఒక్క బ్యాచ్‌తో మొదలుపెట్టమనండి.

ఆ పరీక్షకి 3 లక్షలు అక్కర్లేదు. మొదట ఒక గూగుల్ ఫారం, ఒక షీటు చాలు. కాస్త కదలిక కనబడితే ప్లే స్టోర్ ఖాతాకి 25 డాలర్లు, అదీ ఒక్కసారే కట్టేది. వ్యక్తిగత ఖాతా కొత్తగా తెరిస్తే కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు యాప్‌లో ఉండాలని గూగుల్ నిబంధన. ఆ 12 మందిని కూడబెట్టడంలోనే మీవాడికి సగం పాఠం అర్థమవుతుంది. సర్వర్‌తో కలిపి పాతిక వేలు ఇస్తే ఎక్కువే. ఒక సెమిస్టర్ గడిచాక ఎంతమంది డౌన్‌లోడ్ చేశారని అడగకండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టా నడిపే మెటా వాళ్ల థ్రెడ్స్ యాప్‌లో 2023 జులైలో ఐదు రోజుల్లో 10 కోట్ల మంది చేరారు, వెనక ఇన్‌స్టాగ్రామ్ ఉంది కాబట్టి. కొద్ది వారాల్లోనే అందులో వాడకం బాగా పడిపోయింది, మళ్లీ పుంజుకునేదాకా ఆ కంపెనీ ఓపిక పట్టగలిగింది. మీ ఇంట్లో అంత ఓపికకి డబ్బు లేదు. కాబట్టి, తను గుర్తు చేయకుండా వాళ్లంతట వాళ్లే మళ్లీ తెరిచినవాళ్లు ఎంతమందో అడగండి. మొహమాటానికి తెరిచే క్లాస్‌మేట్లని లెక్కలోంచి తీసేయమనండి.

ప్లేస్‌మెంట్లకి మాత్రం కూర్చోవాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. 2006లో పుట్టిన ట్విట్టర్‌కి మొదటిసారి ఒక త్రైమాసికంలో లాభం వచ్చింది 2017 చివర్లో. ఈ రంగంలో గెలిచినవాళ్లకే అన్నేళ్లు పడుతుంటే, మీ అబ్బాయి చేతికి రాగల ఆఫర్ లెటర్ ఎందుకు వదులుకోవాలి? ఆఫర్ వచ్చాక జాయినింగ్‌కి ఎలాగూ నెలలు పడుతుంది. ఫోర్-టూలో (చివరి సెమిస్టర్‌లో) ప్రాజెక్టు కింద ఇదే పెట్టుకోవడానికి గైడ్‌ని అడగొచ్చు. కొత్త కంపెనీలకి చేయూతనివ్వడానికి ఆంధ్రా యూనివర్సిటీలో ‘ఆ-హబ్’ అనే కేంద్రం ఉంది, రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కి విశాఖలోనూ కేంద్రం ఉంది. చేతిలో నిజమైన వాడకందారుల లెక్క ఉంటేనే అక్కడ మాట్లాడటానికి ఏమైనా ఉంటుంది. ఇంటర్వ్యూలోనూ అంతే. రెండొందల మంది వాడే యాప్‌లో సర్వర్ ఎప్పుడు పడిపోయింది, దొంగ లిస్టింగ్ ఎలా పట్టుకున్నాం అని చెప్పగలిగినవాడికీ, యూట్యూబ్ చూసి చేసిన నకలు యాప్ చూపించేవాడికీ తేడా ప్యానెల్‌కి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. యాప్ పోయినా ఆ అనుభవంతో బ్యాకెండ్ (సర్వర్ వైపు పని), డేటా, తెలుగు కంటెంట్ మోడరేషన్ (జనం పెట్టే పోస్టుల్లో చెడ్డవి ఏరేసే పని) వైపు ఉద్యోగాలకి వెళ్లొచ్చు.

అమ్మగారికి చెప్పండి, ప్లేస్‌మెంట్లకి కూర్చుంటున్నాడు, ఖర్చు పాతిక వేలు దాటదు అని. ఒక సెమిస్టర్ తర్వాత మళ్లీ వచ్చేవాళ్లు నిజంగా కనబడితే అప్పుడు పెద్ద మొత్తం గురించి మాట్లాడుకోవచ్చు, అప్పుడు మిగతా ఇద్దరి తల్లిదండ్రులూ తలా కొంత వేయాలి. ఈలోగా ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి ఒక కాగితం రాయించండి: ఎవరి వాటా ఎంత, ఒకరికి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోతే ఆ వాటా ఏమవుతుంది, కోడ్, డొమైన్, ప్లే స్టోర్ ఖాతా ఎవరి పేరు మీద ఉంటాయి. కుర్రాళ్లు ఇది అడగడానికి మొహమాటపడతారు. మీరు పెద్దవారు కాబట్టి మీరే అడగొచ్చు.