టెక్ సందేహాలు: స్విచ్‌ని అప్పుడే రాక్‌లో ఎక్కించకండి, ముందు టేబుల్ మీద పెట్టండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు నెట్‌వర్క్ స్విచ్ మీదే, అంటే కంప్యూటర్లనీ కెమెరాలనీ నెట్ కేబుళ్లతో ఒకచోట కలిపే డబ్బా మీదే ఉన్నాయి, కాబట్టి ఫోన్ వేడెక్కిపోతోందన్నవాళ్లూ ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందన్నవాళ్లూ వచ్చేవారం దాకా కాస్త ఓపిక పట్టాలి.

సందేహం: సార్, మాది ఒంగోలులో మూడు ఫ్లోర్ల ప్రైవేట్ స్కూలు, నేను కంప్యూటర్ మాస్టార్ని. 24 పోర్టుల పీఓఈ (నెట్ కేబుల్లోనే కరెంటూ ఇచ్చే) మేనేజ్డ్ (సెట్టింగులు మార్చుకోగల) స్విచ్, గోడకి తగిలించే 9యూ రాక్ (పరికరాలు బిగించే ఇనప డబ్బా) కొన్నాం. 16 కెమెరాలు, 6 వైఫై యాక్సెస్ పాయింట్లు, ఒక ల్యాబ్ ఉన్నాయి. కేబుల్ లాగిన కుర్రాళ్లు డబ్బులు తీసుకుని వెళ్లారు, ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు. బిగించడం, సెట్ చెయ్యడం నేనే చేసుకోగలనా?

జవాబు: చేసుకోగలరు మాస్టారూ. కాకపోతే డబ్బా విప్పగానే రాక్‌లో బిగించేసి ఆ తర్వాత స్టూలెక్కి ఒక చేత్తో ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంకో చేత్తో టైప్ చేసుకుంటూ సెట్ చేద్దాం అనుకుంటారు చూడండి, అది మాత్రం వద్దు. స్విచ్‌ని మీ టేబుల్ మీద పెట్టి, సెట్టింగులన్నీ అక్కడే పూర్తిచేసి, ఒక రాత్రంతా ఆన్‌లో ఉంచి, పొద్దున బాగానే ఉంది అనుకున్నాకే గోడ దగ్గరికి తీసుకెళ్లండి. పవర్ సప్లై పోయేదైతే చాలాసార్లు మొదట్లోనే పోతుంది, అదేదో టేబుల్ మీదే పోతే డబ్బాలో పెట్టి వెనక్కిచ్చేస్తాం.

ముందు లెక్క చూడండి. 16, 6 కలిపితే 22 పోర్టులు అయిపోయాయి. మిగిలిన రెండిట్లో ఒకటి రౌటర్‌కి, ఒకటి కెమెరాల రికార్డరుకి, అంటే ఎన్‌వీఆర్‌కి. మరి ల్యాబ్? ల్యాబ్ కంప్యూటర్లకి పీఓఈ అక్కర్లేదు కాబట్టి అక్కడ ఇంకో మామూలు గిగాబిట్ స్విచ్ పెట్టి, దాన్ని మీ పెద్ద స్విచ్‌కి చివర్లో ఉండే ఎస్‌ఎఫ్‌పీ స్లాటులో (మాడ్యూల్ పెట్టి కేబుల్ గుచ్చే ఖాళీ గూడు) కలిపేస్తే సరిపోతుంది. ఇక కరెంటు లెక్క. పీఓఈ అంటే నెట్ కేబుల్లోనే కరెంటు కూడా పోవడం కదా, పాత 802.3ఏఎఫ్ పద్ధతిలో పోర్టుకి 15.4 వాట్లు, తర్వాత వచ్చిన ఏటీ పద్ధతిలో 30 వాట్లు ఇస్తుంది. అలాగని 24 పోర్టులకీ ఒకేసారి 30 ఇస్తుందనుకుంటే పప్పులో కాలేసినట్టే, మొత్తానికి కలిపి బడ్జెట్ ఇంత అని స్పెసిఫికేషన్ షీట్‌లో రాసి ఉంటుంది. కెమెరాకి 7 వాట్లు చొప్పున 112, యాక్సెస్ పాయింటుకి 13 చొప్పున 78, మొత్తం 190 అవుతుంది, కాబట్టి 250 వాట్ల బడ్జెట్ ఉన్న స్విచ్ అయితే మీకు హాయి. కెమెరా లెక్క పగలు తీసుకోకండి, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగినప్పుడు ఎక్కువ లాగుతుంది. పగలంతా బాగుండి చీకటి పడగానే రెండు కెమెరాలు పోతున్నాయి సార్ అని నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామంది సమస్య ఇదే, పాపం కెమెరాలు మారుస్తూ ఉంటారు.

సెట్టింగుల్లోకి వెళ్దాం. ల్యాప్‌టాప్‌ని నేరుగా స్విచ్‌కి కలపండి, రౌటర్‌ని మాత్రం ఇంకా కలపొద్దు, ఎందుకంటే టీపీ-లింక్ మేనేజ్డ్ స్విచ్‌లకి మామూలుగా వచ్చే అడ్రస్ 192.168.0.1, చాలా రౌటర్లకీ అదే ఉంటుంది, ఇద్దరూ ఒకే డోర్ నంబరు పెట్టుకుని కూర్చుంటే ఎవరింటికీ వెళ్లలేం. డీ-లింక్ స్మార్ట్ స్విచ్‌లకి 10.90.90.90, నెట్‌గేర్‌కి 192.168.0.239 ఉంటుంది. మీ ల్యాప్‌టాప్‌కి అదే వరసలో ఒక నంబరు చేత్తో ఇచ్చి, ఉదాహరణకి 192.168.0.10 అని, బ్రౌజర్లో స్విచ్ అడ్రస్ కొడితే లాగిన్ పేజీ వస్తుంది. పాస్‌వర్డ్ మార్చండి, ఫర్మ్‌వేర్ (స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తది వెయ్యండి, స్విచ్‌కి పేరు పెట్టండి, టైమ్‌జోన్ 5:30 పెట్టండి, లేకపోతే రేపు ఏదైనా అయినప్పుడు లాగ్‌లో టైములు చూసి మనకే పిచ్చెక్కుతుంది.

చాలా స్విచ్‌లలో అప్లై వేరు, సేవ్ వేరు. అప్లై కొడితే సెట్టింగ్ ఇప్పటికి పనిచేస్తుంది, సేవ్ కొట్టకపోతే కరెంటు పోగానే అంతా గంగలో కలిసిపోతుంది. సేవ్ చేశాక ఆ కాన్ఫిగరేషన్ ఫైల్ ఒకటి దింపుకుని మీ మెయిల్‌లో కూడా పెట్టుకోండి.

వీలాన్ల గురించి మీరు అడగలేదు కానీ యూట్యూబ్ చూసి చేస్తారని తెలుసు. ఒకే స్విచ్‌ని లోపల గదులుగా విడగొట్టడం అన్నమాట, కెమెరాలు ఒక గది, ఆఫీసు ఒక గది, పిల్లల ల్యాబ్ ఒక గది. ల్యాబ్ పిల్లాడు ప్రిన్సిపాల్ రూం కెమెరా చూడకుండా ఉండాలంటే ఇది కావాల్సిందే. కానీ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గానీ బయట ఇంటర్నెట్‌కి గానీ వెళ్లాలంటే వీలాన్లు తెలిసిన రౌటర్ ఉండాలి, ఫైబర్ కనెక్షన్‌తో పాటు ఇచ్చే తెల్లడబ్బాకి చాలావరకు ఆ సంగతి తెలీదు. అది తెలీకుండా అన్నీ విడగొట్టేసి నెట్ రావట్లేదని కూర్చుంటారు. మీ దగ్గర అలాంటి రౌటర్ లేకపోతే ప్రస్తుతానికి కెమెరాలూ ఎన్‌వీఆరూ ఒక వీలాన్, మిగతావన్నీ ఇంకోటి, అంతే చాలు. ల్యాబ్‌ని విడిగా పెట్టాలంటే రౌటర్ కొన్నాకే, ఫోన్లో కెమెరాలు చూడాలంటే కూడా అప్పుడే, లేదా రెండు లాన్ పోర్టులున్న ఎన్‌వీఆర్ ఉంటే రెండోదాన్ని ఆఫీసు వైపు కలుపుకోవచ్చు. ఇంకోటి, మీ ల్యాప్‌టాప్ ఏ పోర్టుకి ఉందో ఆ పోర్టు వీలాన్ మార్చేముందు రెండుసార్లు ఆలోచించండి. కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టే, పేజీ ఆగిపోతుంది. నేను ఓసారి ఇంట్లో కూర్చుని దూరంనుంచి ఇదే పని చేసి, ఆ స్విచ్‌ని ఆపి ఆన్ చెయ్యడానికి బస్సెక్కి వెళ్లొచ్చా. నయం, సేవ్ కొట్టలేదు.

ఇప్పుడు బిగింపు. రాక్ ఎక్కడ? టాప్ ఫ్లోర్‌లో స్లాబ్ కింద వద్దు. చాలా స్విచ్‌లు 40, 45 డిగ్రీల దాకానే అని రాసి ఉంటాయి, మీ ఊళ్లో మే నెలలో బయటే అంత ఉంటే తలుపేసిన ఇనప డబ్బాలో ఎంత ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కింద ఫ్లోర్‌లో ఎండ తగలని గది చూసి, ఇటుక గోడకి యాంకర్ ఫాస్టనర్లతో బిగించండి, పుస్తకాల షెల్ఫుకి వాడే ప్లాస్టిక్ ప్లగ్గుల మీద ఆ బరువు పెట్టకండి. కేబుళ్లు వచ్చే కన్నాల దగ్గర బ్రష్ పట్టీ గానీ స్పాంజి గానీ కుక్కండి, ఎందుకంటే వెచ్చగా ఉంటుంది కదా, బల్లులకి మీ స్విచ్ అంటే మహా ఇష్టం.

రాక్ వెడల్పు 19 అంగుళాలు, ఒక యూ అంటే ఎత్తు 1.75 అంగుళాలు, అంటే 44.45 మిల్లీమీటర్లు, అందులో మూడు కన్నాలు. ఈ కన్నాల మధ్య దూరం అన్నిచోట్లా ఒకటే కాదు, అందరూ పొరపాటు పడేది ఇక్కడే. ఒక యూ లోపల కన్నానికీ కన్నానికీ దాదాపు 15.9 మిల్లీమీటర్లు, ఒక యూ అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోట 12.7 మాత్రమే. ఆ దగ్గరగా ఉన్న రెండు కన్నాల మధ్యే సరిహద్దు. అది చూడకుండా ఒక కన్నం పైకో కిందికో మొదలుపెడితే స్విచ్ చెవులకి (రెండు పక్కలా ఉండే బిగింపు రెక్కలు) స్క్రూ కన్నాలు కలవవు, కలిసినా పక్క యూ చెడిపోతుంది. ఎడమ పట్టీ మీద, కుడి పట్టీ మీద పెన్సిల్‌తో గీత పెట్టుకుని, లోపలివైపు నుంచి కేజ్ నట్లు (రాక్ కన్నాల్లో ఇరుక్కుని స్క్రూని పట్టుకునే నట్లు) దూర్చండి. అవి స్విచ్ డబ్బాలో అన్నిసార్లూ రావు, ఎం6 కేజ్ నట్, స్క్రూ సెట్ అని అడిగి ఓ 20 తెచ్చుకోండి. వేళ్లతో నొక్కితే గోళ్ల కింద రక్తం వస్తుంది, చిన్న స్క్రూడ్రైవర్ వాడండి. చెవులకి మాత్రం స్విచ్‌తో ఇచ్చిన పొట్టి స్క్రూలే, పొడుగువి ఎక్కిస్తే లోపల బోర్డుకి తగలొచ్చు. ఎక్కించేటప్పుడు ప్యూన్‌నో పెద్ద క్లాసు పిల్లాడినో పిలవండి, ఒకరు బరువు పట్టుకుంటే ఇంకొకరు కింది స్క్రూలు ముందు, పైవి తర్వాత బిగించాలి.

పైన ప్యాచ్ ప్యానెల్ (గోడ కేబుళ్లన్నీ వచ్చి ఆగే పోర్టుల పట్టీ), దాని కింద కేబుల్ మేనేజర్, దాని కింద స్విచ్, అడుగున ట్రే మీద ఎన్‌వీఆర్. గోడల్లోంచి వచ్చిన కేబుళ్లు ప్యానెల్‌కి వెనక పంచ్ చేసి (తీగల్ని గాడిలో నొక్కి బిగించి), ముందు నుంచి అరమీటరు ప్యాచ్ కార్డులతో స్విచ్‌కి కలపాలి. గోడలోని కేబుల్ ఒకసారి పంచ్ చేశాక మళ్లీ కదలకూడదు, అరిగేది, తెగేది ఆ చిన్న ప్యాచ్ కార్డే అవ్వాలి. ఇప్పుడు ఎందుకులే అని కేబుల్ చివర ప్లగ్గు క్రింప్ చేసి నేరుగా గుచ్చేస్తే రెండేళ్ల తర్వాత జడలా అల్లుకుపోయిన ఆ గుట్టలో ఏది ఎక్కడిదో దేవుడికే తెలియాలి. రెండు చివర్లా లేబుల్ వెయ్యండి. రంగుల వరస రెండు వైపులా ఒకటే ఉండాలి, మనవాళ్లు ఎక్కువగా వాడేది బీ పద్ధతి: తెల్ల ఆరెంజ్, ఆరెంజ్, తెల్ల గ్రీన్, బ్లూ, తెల్ల బ్లూ, గ్రీన్, తెల్ల బ్రౌన్, బ్రౌన్. పనిలో పని, మిగిలిన కేబుల్ ముక్క ఒకటి తీసుకుని తీగని బ్లేడుతో గీరి చూడండి. లోపల తెల్లగా వస్తే అది రాగి పూసిన అల్యూమినియం, పీఓఈకి పనికిరాదు, వేడెక్కుతుంది, దూరం పోతే కెమెరాకి కరెంటు చాలదు. ఆ కుర్రాళ్లు ఫోన్ ఎందుకు ఎత్తట్లేదో కూడా అప్పుడు తెలుస్తుంది.

కరెంటు విషయానికొస్తే స్విచ్, ఎన్‌వీఆర్ కలిపి 300 వాట్ల దాకా అవుతుంది కాబట్టి కంప్యూటర్‌కి వాడే 600 వీఏ యూపీఎస్ ఆయాసపడుతుంది, 1 కేవీఏ పెట్టండి. స్కూల్లో ఇన్వర్టర్ ఉంటే దానికి యూపీఎస్ మోడ్ మీట ఉంటుంది, అది వెయ్యకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ స్విచ్ రీస్టార్ట్ అయి కెమెరాలన్నీ రెండు మూడు నిమిషాలు గుడ్డివైపోతాయి. రాక్‌కి ఎర్తింగ్ తప్పనిసరి. గేటు దగ్గర కెమెరా ఉంటే దానికి పీఓఈ సర్జ్ ప్రొటెక్టర్ వెయ్యండి, పక్క బిల్డింగుకి లైన్ పోవాలంటే రాగి వద్దు, ఫైబర్ లాగండి, పిడుగు పడితే ఆ తీగ వెంటే నడిచొస్తుంది.

సందేహం: మాది విజయవాడలో ఆడిటింగ్ ఆఫీసు, 15 మంది ఉంటాం. రెండ్రోజుల్నుంచి నెట్ మొత్తం చచ్చిపోతోంది, ప్రింటర్ కూడా. స్విచ్ ఆపి వేస్తే కాసేపు బాగుంటుంది, మళ్లీ అంతే. స్విచ్ లైట్లన్నీ ఒకేసారి పిచ్చిగా కొట్టుకుంటున్నాయి. స్విచ్ పోయినట్టేనా?

జవాబు: స్విచ్ బానే ఉంది, ఆఫీసులో ఎవరో టేబుల్ సర్దారు. కింద వేలాడుతున్న కేబుల్ చివర చూసి, అయ్యో ఊడిపోయిందే అని పక్కనున్న గోడ పోర్టులో గుచ్చేశారు, దాని రెండో చివర కూడా గోడలోనే ఉంది. దీన్నే లూప్ అంటారు. ఒక కంప్యూటర్ అందరికీ వినపడేలా ఓ కేక వేస్తే స్విచ్ దాన్ని అన్ని పోర్టులకీ పంపుతుంది, అది ఆ కేబుల్లోంచి తిరిగి స్విచ్‌కే వస్తుంది, స్విచ్ మళ్లీ అందరికీ పంపుతుంది, ఈ స్థాయిలో ప్యాకెట్టుకి ఇన్నిసార్లు తిరిగి చచ్చిపో అని చెప్పే లెక్క లేదు కాబట్టి అది తిరుగుతూనే, పెరుగుతూనే ఉంటుంది. లైట్లన్నీ కలిసి కొట్టుకునేది అందుకే.

పోర్టులు ఒక్కొక్కటీ పీకుతూ పోండి, ఏది పీకితే లైట్లు శాంతిస్తాయో దాని వెంట నడుచుకుంటూ వెళ్తే దొంగ దొరుకుతాడు. మీ స్విచ్ మేనేజ్డ్ అయితే స్పానింగ్ ట్రీ (లూప్ కనిపెట్టి ఆ దారి మూసేసేది) ఆన్ చెయ్యండి, ఆర్‌ఎస్‌టీపీ అని ఉంటుంది, పక్కనే లూప్‌బ్యాక్ డిటెక్షన్ ఉంటే అదీ వెయ్యండి. 1985లో డెక్ అనే అమెరికా కంప్యూటర్ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ ఈ చిక్కుకే స్పానింగ్ ట్రీ ఉపాయం కనిపెట్టారు, ఇన్నేళ్లయినా దాన్ని ఆన్ చెయ్యకుండా వదిలేసేవాళ్లం మనమే. ఎవరైనా ఇంటినుంచి వైఫై రౌటర్ తెచ్చి గుచ్చినా గొడవే, అది కూడా అందరికీ అడ్రస్‌లు పంచడం మొదలెడుతుంది, దానికి మందు డీహెచ్‌సీపీ స్నూపింగ్, మీ అసలు రౌటర్ ఉన్న పోర్టు ఒక్కటే నమ్మకమైనది అని స్విచ్‌కి చెప్పడం.

సందేహం: అన్నా, అమీర్‌పేటలో సీసీఎన్‌ఏ (సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ కోర్సు) నేర్చుకుంటున్నా. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్ సిస్కో 2960 స్విచ్ తీసుకున్నా, పాస్‌వర్డ్ అడుగుతోంది, అమ్మినాయనకి తెలీదంట. పైగా ఫ్యాన్ సౌండ్‌కి హాస్టల్లో రూమ్మేట్లు తిడుతున్నారు.

జవాబు: పాస్‌వర్డ్ సంగతి సులువే తమ్ముడూ. కన్సోల్ కేబుల్ (స్విచ్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కి కలిపేది) యూఎస్‌బీది కొను, పుట్టీ అనే ప్రోగ్రాంలో స్పీడ్ 9600 పెట్టు. పవర్ వైరు పీకి, ముందువైపున్న మోడ్ బటన్ నొక్కిపట్టుకుని మళ్లీ పెట్టు, ఓ 15 సెకన్లు పట్టుకుని వదిలితే స్విచ్ అని కోలన్‌తో ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ ఫ్లాష్ ఇనిట్ కమాండ్ కొట్టి, ఫ్లాష్‌లో ఉన్న కాన్ఫిగ్ డాట్ టెక్స్ట్ ఫైలుకి రీనేమ్ కమాండ్‌తో ఇంకో పేరు పెట్టి బూట్ కొడితే కొత్త పెళ్లికూతురిలా ఖాళీగా లేస్తుంది. పాత వీలాన్లు వీలాన్ డాట్ డ్యాట్ అనే ఫైల్లో విడిగా ఉంటాయి, అదీ తీసేసి రీలోడ్ చెయ్యి, లేకపోతే ఎవరో పెట్టిన వీలాన్ చూసి నీ ల్యాబ్ తప్పనుకుంటావు. నువ్వు చేసింది ఉండాలంటే కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్ కొట్టడం మర్చిపోకు.

సౌండ్‌కి మాత్రం మందు లేదు, ఇవి ఏసీ సర్వర్ రూముల కోసం చేసినవి. ఫ్యాన్ పీకేస్తా అంటావేమో, వద్దు. 2960లోనే 8 పోర్టుల చిన్న మోడల్ ఫ్యాన్ లేకుండా వస్తుంది, మార్చుకోగలిగితే అది చూడు, లేదా పగలు దీనిమీద కేబుళ్లు, కన్సోల్ ప్రాక్టీస్ చేసుకుని రాత్రిళ్లు సిస్కో వాళ్ల ప్యాకెట్ ట్రేసర్ సిమ్యులేటర్‌లో చెయ్యి, అది ఫ్రీనే.

సందేహం: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం. ఇండియానుంచి తెచ్చిన 16 పోర్టుల రాక్ స్విచ్ ఇక్కడ పనిచేస్తుందా? స్క్రూలు కూడా పట్టట్లేదు.

జవాబు: స్విచ్ వెనక 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉంటే పనిచేస్తుంది, పవర్ కార్డ్ ఒక్కటే అక్కడిది కొనండి, అడాప్టర్ పిన్ను మీద వేలాడదీయకండి. 19 అంగుళాల వెడల్పు ప్రపంచమంతా ఒకటే, స్క్రూలే తేడా, మీరు తీసుకెళ్లినవి ఎం6 అయి ఉంటాయి, మీ అమెరికా రాక్‌లలో చాలావాటికి కన్నాలకే మర కోసి ఉంటుంది, 10-32 లేదా 12-24 సైజు. అందులో ఎం6 బలవంతంగా తిప్పితే మర పోతుంది. రాక్‌తో వచ్చిన స్క్రూలే వాడండి. అటక మీద పెడదామనుకుంటున్నారేమో, ఎండాకాలం అక్కడ ఉడికిపోతుంది, బట్టల క్లోజెట్ అయినా ఫర్వాలేదు, తలుపు కింద కాస్త సందు ఉంటే చాలు.