డీవీడీ సైజు తగ్గాలి, తలంబ్రాలు చెదరొద్దు

ప్రశ్న: మా అక్క పెళ్లి డీవీడీలు మూడున్నయి. ఒక్కోటి రెండు గంటలు, నాలుగు జీబీ పైనే. పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీలో చూద్దామని ఒక్కోదాన్ని 700 ఎంబీకి కుదించిన. తలంబ్రాల దగ్గర, బరాత్‌లో బొమ్మంతా గడులు గడులుగా పగులుతున్నది. కదిలే చేతుల అంచున దువ్వెన పళ్ల లాంటి గీతలు వస్తున్నయి. ఎంత సైజు పెట్టాలె?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: సైజును ముందే ఖాయం చేయడంతోనే చిక్కు వచ్చింది. 700 ఎంబీ అనేది సినిమాను సీడీలో పట్టించిన రోజుల లెక్క. రెండు గంటల వీడియోను అందులో ఇరికిస్తే, ఆడియోకు 128 పోను బొమ్మకు సెకనుకు 650 కిలోబిట్లే మిగులుతాయి. అయ్యగారు మంత్రాలు చదివేటప్పుడు కదలిక తక్కువ కాబట్టి అవి చాలు. తలంబ్రాలు పోసేటప్పుడు వందల గింజలు ఒక్కోటి ఒక్కో దిక్కు రాలుతాయి. ముందు ఫ్రేమును చూసి తర్వాతిది అంచనా కట్టడం ఎన్‌కోడర్ (వీడియోను కుదించే ప్రోగ్రామ్) వల్ల కాదు. బిట్లు చాలక గింజలన్నీ గడులైపోతాయి.

అందుకే సైజు కాదు, నాణ్యత ఖాయం చేయండి. డిస్క్‌లోని వీడియో టీఎస్ ఫోల్డర్‌ను ముందు హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. వీడియో ట్యాబ్‌లో ఎక్స్264 (హెచ్.264 పద్ధతిలో కుదించే ఎన్‌కోడర్), కాన్‌స్టంట్ క్వాలిటీ ఆర్ఎఫ్ (నాణ్యతను చెప్పే అంకె) 20, ప్రిసెట్ స్లో పెట్టండి. డీవీడీకి ఆర్ఎఫ్ 18–22 మధ్య ఉంటే మంచిది. అంకె తగ్గేకొద్దీ నాణ్యతా, సైజూ పెరుగుతాయి. ఆరు పెంచితే సైజు ఇంచుమించు సగమవుతుంది. సగటున సెకనుకు 1,500 కిలోబిట్లు పడితే రెండు గంటల బొమ్మ 1.35 జీబీ వస్తుంది. పెళ్లి వీడియోకు అంత ఇవ్వాల్సిందే.

దువ్వెన గీతలకు సైజుతో సంబంధం లేదు, అది ఇంటర్‌లేస్ సమస్య. మన దేశపు టీవీ పద్ధతి పాల్ (PAL)లో డీవీడీ 720×576, సెకనుకు 25 ఫ్రేములు. క్యామ్‌కార్డర్‌తో తీసిన ఒక్కో ఫ్రేములో, సెకనులో యాభయ్యో వంతు తేడాతో తీసిన రెండు సగాలు గీత విడిచి గీతగా అల్లుకుని ఉంటాయి. ఫిల్టర్స్‌లో డీఇంటర్‌లేస్‌కు యాడిఫ్ ఎంచుకోండి. బరాత్ డ్యాన్సులు మరింత సాఫీగా కావాలంటే ఒక్కో సగాన్ని ఒక్కో ఫ్రేముగా చేసే బాబ్ ఎంచుకుని, ఫ్రేమ్‌రేట్ 50 పెట్టండి. సైజు కొంత పెరుగుతుంది.

చీకట్లో తీసిన సీన్లలో గరుకు మచ్చలు చాలా బిట్లు తింటాయి. ఆ మచ్చలు తుడిచే ఎన్ఎల్‌మీన్స్ ఫిల్టర్ అల్ట్రాలైట్‌లో పెడితే ఫైలు తగ్గుతుంది. ఇంకా గట్టిగా పెడితే పట్టుచీర జరీ అలికినట్టవుతుంది, వద్దు. 1080కి పెంచడమూ వద్దు, లేని వివరం రాదు.

ఆడియోకు ఏఏసీ (శబ్దాన్ని కుదించే పద్ధతి) సెకనుకు 160 కిలోబిట్లు చాలు. స్టూడియో వాళ్లు కుదించని పీసీఎంలో ఇచ్చి ఉంటే శబ్దమే గంటకు 690 ఎంబీ దాకా ఉంటుంది, ఏఏసీలో అది 72 ఎంబీ.

మొత్తం డిస్క్ నడిపే ముందు తలంబ్రాల దగ్గర ఒక్క నిమిషం తీసుకుని దాన్నే ఆర్ఎఫ్ 18, 20, 22తో మూడుసార్లు కుదించి టీవీలోనే చూడండి. ఫోన్ చిన్న తెరలో లోపాలు దాక్కుంటాయి.

ప్రశ్న: ఎక్స్264 బదులు హెచ్.265 (ఇంకా గట్టిగా కుదించే కొత్త పద్ధతి) పెడితే ఫైలు చిన్నగైంది. మా పాత టీవీలో శబ్దమే వస్తున్నది, బొమ్మ లేదు.
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: ఆ టీవీకి హెచ్.265 చదివే చిప్ లేదు. ఎక్స్264తో మళ్లీ చేయండి, అయితే కుదించిన ఫైలు నుంచి కాదు, అసలు డీవీడీ నుంచే. కుదించినదాన్నే మళ్లీ కుదిస్తే పాత గడుల మీద కొత్త గడులు పడతాయి.