నాస్తికుడు తీసిన క్రీస్తు కథ

ప్రశ్న: నాస్తికుడు, మార్క్సిస్టు అయిన ఇటలీ దర్శకుడు పసోలినీ క్రీస్తు చరిత్రను ఎలా తీయగలిగారు? ఆయన చిత్రాల్లో ముందుగా ఏది చూడాలి?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: 1963లో ‘లా రికొత్తా’ అనే లఘుచిత్రంలో మతాన్ని కించపరిచారంటూ కోర్టు శిక్ష విధించిన దర్శకుడే, మరుసటి సంవత్సరం మత్తయి సువార్తను తెరకెక్కించి, దానిని దివంగత పోప్ ఇరవై మూడవ జాన్‌కు అంకితమిచ్చారు. సంభాషణలను సువార్త నుంచే తీసుకున్నారు. క్రీస్తుగా నటనానుభవం లేని ఒక స్పెయిన్ విద్యార్థిని, వృద్ధ మరియమ్మగా తన కన్నతల్లిని ఎంచుకున్నారు. దక్షిణ ఇటలీలోని మతేరా పట్టణపు రాతి ఇళ్లే అందులో జెరూసలేం అయ్యాయి. గుట్టల నడుమ పెరిగిన మీకు ఆ దృశ్యాలు అంత పరాయివిగా తోచవు. విశ్వాసం లేకపోయినా, పేదల ముఖాలను ఆయన చూపిన తీరులో ఒక పవిత్రభావం ఉందని నా అభిప్రాయం. తల్లి పుట్టింటి వైపు, ఈశాన్య ఇటలీ పల్లె జనం మాట్లాడే ఫ్రియూలీ భాషలో తొలి కవితా సంపుటిని (1942) వెలువరించిన కవికి అది సహజమే.

ముందుగా రోమ్ శివారు బస్తీల కథ ‘అక్కతోనే’ (1961) చూడండి. 1975 నవంబరు 2న ఆయన హత్యకు గురైన తరువాత విడుదలైన ‘సాలో’లో హింస దుర్భరంగా ఉంటుంది కనుక దానిని చివరికి ఉంచండి, చూడకపోయినా తప్పులేదు.