సౌండ్ సందేహాలు: సబ్‌వూఫర్ గుయ్యిమంటోందా?

ప్రశ్న: హోమ్ థియేటర్ కొన్న రెండేళ్ళూ బాగానే ఉంది. ఈ మధ్య కేబుల్‌వాళ్ళు సెట్‌టాప్ బాక్స్ మార్చారు. అప్పటి నుంచీ ఏమీ పెట్టకపోయినా సబ్‌వూఫర్ సన్నగా ‘గుయ్యి’మంటూనే ఉంది. ఆంప్లిఫయర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ విరిచేస్తే పోతుందని మెకానిక్ అన్నాడు. విరిచేయమంటారా? – ఒక పాఠకుడు, తణుకు

జవాబు: వద్దు. మోత పోతుంది, అబద్ధం కాదు. కానీ దాంతోపాటు మీ రక్షణా పోతుంది. లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతింటే కరెంటు భూమిలోకి పోవడానికి ఉన్న దారి ఆ పిన్నే. ఆ దారి లేకపోతే ఆంప్లిఫయర్ రేకుకు కరెంటు ఎక్కి కూర్చుంటుంది, ఎవరు ముట్టుకుంటే వాళ్ళకు తగులుతుంది. ఈ సలహా ఇచ్చే మెకానిక్కులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. షాపుకు ఇలా పిన్ను విరిచిన ప్లగ్గుతో సెట్ వస్తే ముందు ప్లగ్గు మార్చాకే మిగతా పని చూస్తాను.

మీకు కావలసిన ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది: బాక్స్ మార్చాక మొదలైంది. వాల్యూమ్ బాగా తగ్గించి, బాక్స్ వెనక మర బిగించి ఉండే కేబుల్ వైరును విప్పి చూడండి. మోత ఠక్కున ఆగిందా, దొంగ దొరికినట్టే. ఆ వైరు పైపొర బయట ఎక్కడో ఎర్త్ అయి ఉంటుంది, మీ ఆంప్లిఫయర్ ఇంటి ఎర్త్‌కు కలిసి ఉంటుంది. రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా చాలు, ఆడియో వైర్ల పైపొర గుండా సన్నగా కరెంటు నడుస్తుంది. ఆంప్లిఫయర్ దాన్నీ పాటే అనుకుని పెంచి వినిపిస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగుతుంది, మోతా అంత లోతుగానే ఉంటుంది. చిన్న స్పీకర్లు ఆ శబ్దాన్ని సరిగా పలకలేవు, సబ్‌వూఫర్‌కేమో అది సొంత ఇలాకా. మోత అక్కడే వినిపించడానికి కారణం ఇదే.

బాక్స్‌కు ఆప్టికల్ అవుట్‌పుట్ ఉంటే ఆడియోను ఆ వైరుతో ఆంప్లిఫయర్‌కు ఇవ్వండి. అందులో వెలుతురే తప్ప కరెంటు నడవదు. కాకపోతే అదే బాక్స్ నుంచి ఆంప్లిఫయర్‌కు హెచ్‌డీఎంఐ వైరు కూడా ఉంటే లాభం లేదు, దాని గుండా పాత దారి మళ్ళీ తెరుచుకుంటుంది. అప్పుడు కేబుల్ వైరుకే చిన్న ఐసోలేటర్ తగిలించాలి, అది సిగ్నల్‌ను పోనిచ్చి ఈ కరెంటు దారిని తెంచుతుంది. డిష్ ఉన్నవాళ్ళు మాత్రం ఈ పని చేయకండి. పైన డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ అనే పరికరానికి కరెంటు వెళ్ళేది ఆ వైరులోంచే, బొమ్మ పోతుంది.

కేబుల్ విప్పినా మోత ఆగకపోతే సబ్‌వూఫర్‌కు వచ్చే ఆడియో వైరునే పీకి చూడండి. అప్పటికీ ఉందంటే తప్పు పెట్టె లోపలిదే, ఎక్కువసార్లు పవర్ సప్లయ్‌లో కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. గోడకు ఆనించి గాలి ఆడకుండా పెడితే మన ఎండలకు ఇంకా త్వరగా పోతాయి. మీరు మాత్రం విప్పకండి. స్విచ్ ఆపిన తరువాత కూడా వాటిలో చార్జ్ నిలిచి ఉంటుంది.

ప్రశ్న: ఫైట్ సీన్లలో సబ్‌వూఫర్‌లోంచి ‘టరటర’మని పగిలిన శబ్దం. కోన్ పోయింది, మార్చాలి అంటున్నారు షాపులో. నమ్మవచ్చా? – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వాళ్ళు మీ ఇంటికొచ్చి విన్నారా, అమ్మా? పెట్టెను షాపుకు మోసుకెళితే ఈ జబ్బు సగంసార్లు ఇంట్లోనే ఉండిపోతుంది.

ముందు సబ్‌వూఫర్‌ను హాల్లోంచి పడగ్గదిలోకి మార్చి, అదే సీన్ అంతే సౌండుతో పెట్టండి. శబ్దం రాకపోతే కోన్‌ను అనుమానించడం మానేసి హాలును అనుమానించండి. యూట్యూబ్‌లో 20 నుంచి 120 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్లు దొరుకుతాయి. సబ్‌వూఫర్‌ను మళ్ళీ హాల్లోకి తెచ్చి, సౌండ్ మామూలుగా ఉంచి ఆ టోన్లు పెట్టండి, ఇంకొకరు హాల్లో ఒక్కో వస్తువు మీద అరచెయ్యి ఆనిస్తూ తిరగాలి. ప్రతి వస్తువుకూ తనదైన ఫ్రీక్వెన్సీ ఒకటి ఉంటుంది, అక్కడికి రాగానే అది వణుకుతుంది. చెయ్యి పడగానే శబ్దం ఆగితే అదే.

ఒక ఇంట్లో కొత్త కోన్ వేయించాక కూడా ఇదే గోల. నేను వెళ్ళి టోన్ పెడితే 40 దాటగానే మొదలైంది. బీరువా చూశాం, కిటికీ గడియలు చూశాం, షోకేస్ అద్దాలు చూశాం. చివరికి సబ్‌వూఫర్‌కు ఎదురు గోడ మీద దేవుడి పటం! మేకుకు వేలాడుతూ, కింది అంచు గోడకు కొట్టుకుంటోంది. పటం వెనక రెండు మూలలా సైకిల్ ట్యూబు ముక్కలు అంటించాం, అంతటితో సరి. గ్రానైట్ నేల, బోసి గోడలు, పరదాలు లేని హాళ్ళలో ఈ బాధ మరీ ఎక్కువ. పెట్టెను మూల నుంచి కాస్త ఇవతలికి జరిపినా తేడా తెలుస్తుంది.

హాల్లో ఏమీ దొరక్కపోతే అప్పుడు కోన్ చూడండి. కరెంటు ఆపి, నాలుగు వేళ్ళూ కోన్ మీద సమానంగా పరిచి మెత్తగా లోపలికి నొక్కండి. నున్నగా వెళ్ళి వస్తే మంచిదే. ఇసుక రాచినట్టు గరగరలాడితే కోన్‌ను కదిలించే తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, రాసుకుంటోందని అర్థం. అంచునున్న ఫోమ్ పొడిపొడిగా రాలుతున్నా బాగుచేయించాల్సిందే. అలాంటప్పుడు కూడా కొత్త సెట్ కొననక్కర్లేదు, స్పీకర్లకు రీకోనింగ్ చేసేవాళ్ళు, అంటే పాత స్పీకర్‌కే కొత్త కోన్ వేసేవాళ్ళు ఉంటారు, వాళ్ళకు చూపించండి.

ప్రశ్న: కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు వెళ్ళగానే సబ్‌వూఫర్ గీపెడుతుంది. కరెంటు రాగానే మామూలే. – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది, అది ఇచ్చే కరెంటు మెయిన్స్ కరెంటులా నున్నటి అల కాదు. దాని మీద ఫ్యాన్ కూడా మూలుగుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు. సబ్‌వూఫర్‌లో ఏ లోపమూ లేదు. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ కొనేదాకా, కరెంటు లేనప్పుడు టీవీ స్పీకర్లతో సర్దుకోండి.

ప్రశ్న: బేస్ గట్టిగా వచ్చినప్పుడు సబ్‌వూఫర్ గొట్టంలోంచి ‘పుస్ పుస్’మని గాలి శబ్దం. లోపలికి బొద్దింకలు కూడా పోతున్నాయి. వల కొట్టించవచ్చా? – ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: గొట్టంలోంచి గాలి జోరుగా రావడం వల్లే ఆ శబ్దం. వల కొట్టిస్తే ఇంకా పెరుగుతుంది. బేస్ బూస్ట్ తీసేయండి, వెనకనున్న వాల్యూమ్ నాబ్‌ను సగానికి తగ్గించి వినండి. టార్చితో గొట్టం లోపల ఒకసారి చూడండి, ఎలుక తెచ్చిపెట్టిన కాగితాలు, పీచూ నేను చాలా పెట్టెల్లోంచి లాగాను. సినిమా అయిపోయాక పాత టవలు చుట్టి గొట్టంలో కుక్కితే బొద్దింకలు రావు. మళ్ళీ సినిమా పెట్టేటప్పుడు అది తీయడం మరిచిపోకండి, లేకపోతే బేస్ తగ్గిపోయిందని వచ్చే నెల మళ్ళీ నాకే రాస్తారు.