సీలు తీయని ఆ ఒక్క బాటిలే మీ కేసు

ప్రశ్న: పదకొండు నెలల క్రితం మా గృహప్రవేశానికి ఊళ్లోని ఒక కంపెనీ నుంచి లీటరు వాటర్ బాటిళ్లు 20 కేసులు తెప్పించాం. ఆ రాత్రే మా అమ్మతో సహా తొమ్మిది మందికి వాంతులు, విరేచనాలు. అమ్మ రెండు రోజులు ఆస్పత్రిలో ఉంది. మిగిలిన బాటిళ్లలో నల్లటి నలుసులు కనిపించాయి. వాటి మీద ఐఎస్ఐ మార్కు కూడా లేదు. చుట్టాల ముందు పరువు పోయింది. వీడియో వాట్సాప్ గ్రూపుల్లో పెడతానని చెప్పి ఓనర్‌ని ఐదు లక్షలు అడగవచ్చా? బిల్లు తీసుకోలేదు, ఫోన్‌పేలో కట్టాం. ఖాళీ బాటిళ్లు పాత సామాన్లవాళ్లకు వేసేశాం. సీలు తీయనిది ఒకటి మిగిలింది.

జవాబు: మీ ఉత్తరంలో పనికొచ్చేది ఆ చివరి వాక్యం.

ఐఎస్ఐ మార్కు సంగతి వదిలేయండి. ప్యాకేజ్డ్ తాగునీటికి అది తప్పనిసరి అన్న నిబంధనను 2024 అక్టోబరులోనే తీసేశారు. కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సు మాత్రం ఉండి తీరాలి. లేబుల్ మీద 14 అంకెల నంబరు ఉందో లేదో చూడండి.

కంపెనీ లాయరు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఆ రోజు భోజనాలు కూడా పెట్టారుగా, నీళ్ల వల్లేనని ఎలా చెప్తారు?" దీనికి జవాబు ఆ బాటిల్లోనే ఉండాలి. తొమ్మిది మంది మంచాన పడితే బాటిళ్లు దాచకుండా పాత సామాన్లకు వేయడమేమిటండీ? బిల్లు అడగకపోవడం ఇంకో తప్పు. ఫోన్‌పే స్టేట్‌మెంట్ ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి ఉంచండి. ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీ కూడా కావాలి.

బాటిల్ మెడ దగ్గర మూత కింద ఉండే రింగు తెగకూడదు. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ సన్నని సిరా చుక్కలతో ముద్రిస్తారు. తడి వేలితో రెండుసార్లు రుద్దితే చెరిగిపోవచ్చు. వెంటనే దగ్గర నుంచి ఫొటోలు తీసి, కాగితంలో చుట్టి, ఎండ తగలని చోట పెట్టండి. మీరే ప్రైవేటు ల్యాబ్‌కు తీసుకెళ్లి మూత తీయించకండి. సీలు పోతే కేసు పోయినట్టే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 38 ప్రకారం మీరు కేసు వేసే వినియోగదారుల కమిషనే శాంపిల్ తీసుకుని, సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది. ల్యాబ్ ఫీజు మీరు కట్టాల్సి రావచ్చు. బాటిల్ గడువు దాటిపోయిందని, ఎండలో పెట్టారని కంపెనీవాళ్లు అంటారు. అందుకే ఆ బ్యాచ్ పరీక్షల రికార్డులు కంపెనీ నుంచి తెప్పించమని కూడా అర్జీ వేయండి.

ఇక గడువు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 సెక్షన్ 77 కింద నేరం జరిగిన ఏడాదిలోపే కోర్టు కేసు స్వీకరించాలి. ఫుడ్ సేఫ్టీ కమిషనర్ కారణాలు రాసి మూడేళ్ల దాకా అనుమతించవచ్చు గానీ, అది మీ చేతిలో లేదు. మీకు మిగిలింది ఒక్క నెల. ఈ వారమే ఫుడ్ సేఫ్టీ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. పరిహారం కోసం వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువు ఉంది, అంటే ఇంకా పదమూడు నెలలు.

వీడియో పేరు చెప్పి డబ్బు అడిగే ఆలోచన మాత్రం ఈ క్షణమే మానుకోండి. బెదిరించి వసూలు చేశారని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద మీ మీదే కేసు పెడతారు. ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరమది. బాధితులైన మీరు ముద్దాయిలవుతారు. ఓనర్‌కు ఇప్పటికే అలాంటి మెసేజ్ పంపి ఉంటే డిలీట్ చేయకుండా మీ లాయరుకు చూపించండి.

ముందు కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్లోనే కేసు వేయవచ్చు. అక్కడ లెక్కలోకి వచ్చేది మీరు అడిగే పరిహారం కాదు, నీళ్లకు చెల్లించిన సొమ్ము. అది ఐదు లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు ఉండదు. జబ్బుపడిన అతిథుల్లో ఇద్దరి చేతనైనా అఫిడవిట్లు రాయించండి. భోజనం చేయకుండా నీళ్లు మాత్రమే తాగి జబ్బుపడినవారు దొరికితే మొదటి అఫిడవిట్ వారిదే కావాలి.