షటిల్ ముచ్చట్లు: సర్వీస్ ఎవరిది?

ప్రశ్న: ఆదివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ సిమెంట్ కోర్టులో డబుల్స్ ఆడతాం. నేనూ మా ఆడపడుచూ ఒకవైపు, మా వారూ మరిదీ అవతలివైపు. సర్వీస్ మారిన ప్రతిసారీ ఎవరు వేయాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి అని గొడవే. మా మామగారేమో కుర్చీలో కూర్చుని ‘ఇంకా సెకండ్ సర్వీస్ ఉంది కదా’ అంటారు. నిజమేనా? – గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: ముందు మామగారి సంగతి చెప్తాను. ఆయన కల్పించి చెప్పడం లేదమ్మా. 2006కి ముందు డబుల్స్‌లో జట్టుకు రెండు సర్వీసులు ఉండేవి. ఒకరిది పోతే రెండోవారు వేసేవారు. ఇప్పుడు జట్టుకు ఒక్కటే. ర్యాలీ, అంటే సర్వీస్ నుంచి షటిల్ ఆగేదాకా సాగే ఆట, పోయిందంటే సర్వీసూ పోయినట్టే, ఎదుటివాళ్లకు పాయింటూ వచ్చినట్టే.

ఇక మీ గొడవ. ‘ఇందాక ఎవరు వేశారు’ అని గుర్తు చేసుకుంటూ కూర్చుంటే అది ఎప్పటికీ తెగదు. స్కోరు చూడండి, చాలు. సర్వీస్ వేసే జట్టు స్కోరు సరిసంఖ్య అయితే కుడి బాక్సులో ఉన్నవారు వేస్తారు, బేసి అయితే ఎడమ బాక్సులో ఉన్నవారు. సున్నా కూడా సరిసంఖ్యే. షటిల్ ఎప్పుడూ ఐమూలగా అవతలి బాక్సులోకే వెళ్లాలి.

మీ ఇంటి ఆటే తీసుకుందాం. 0-0 దగ్గర మీరు కుడివైపు, ఆడపడుచు ఎడమవైపు. అవతల మీ వారు కుడి, మరిది ఎడమ. మీరు మీ వారికి సర్వీస్ వేశారు, పాయింట్ గెలిచారు. 1-0. ఇప్పుడు మీరూ ఆడపడుచూ చోట్లు మార్చుకోవాలి. మీరే ఎడమవైపు నుంచి మరిదికి వేస్తారు. ఈసారి వాళ్లు గెలిచారు, 1-1. ఇక్కడే అందరూ కంగారుపడి అటూ ఇటూ గెంతుతారు. ఎవరూ కదలకండి. వాళ్ల స్కోరు ఒకటి, అంటే బేసి. ఎడమవైపున్న మరిది సర్వీస్ వేస్తాడు, ఎడమవైపే ఉన్న మీకు. ఆ ర్యాలీ మీరు గెలిస్తే 2-1. మళ్లీ ఎవరూ కదలరు. మీ స్కోరు రెండు, కుడివైపు ఉన్నది ఆడపడుచు. సర్వీస్ ఆమెది.

తమ సర్వీస్ మీద పాయింట్ గెలిచిన జట్టు మాత్రమే చోట్లు మార్చుకుంటుంది. అవతలి జట్టు ఆ పాయింట్‌కి ఎక్కడ నిలబడిందో అక్కడే ఉంటుంది. ఇంత చెప్పినా ఏదో ఓ ఆదివారం తారుమారవుతారు. అప్పుడు పాయింట్లు వెనక్కి లాక్కోవద్దు. చోట్లు సరిచేసుకుని, ఉన్న స్కోరుతోనే ముందుకెళ్లాలని రూల్స్‌లోనే ఉంది. మీ వారికి ఈ లైను చదివి వినిపించండి.

ప్రశ్న: మా రోజుల్లో 15 పాయింట్లు, సర్వీస్ ఉన్నవాడికే పాయింటు. అదీ ఆటంటే. ఈ 21 పాయింట్ల ఆట ఇట్టే అయిపోతోంది, మజా ఏముంది? – విశ్రాంత ఉద్యోగి, మల్కాజిగిరి

జవాబు: మీ బెంగ అర్థమైందండీ. 2001లో మన గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించింది ఆ పద్ధతిలోనే. స్కోరు కదలకుండా సర్వీస్ మాత్రమే చేతులు మారే ర్యాలీలు ఆ లెక్కలో కనిపించవు. ఆ ఓపిక వేరే.

కానీ ఇట్టే అయిపోతోందంటే మాత్రం ఒప్పుకోను. 2017 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు, జపాన్ అమ్మాయి ఒకుహరా 110 నిమిషాలు కొట్టుకున్నారు. 19-21, 22-20, 20-22. సింధు ఓడిపోయినా ఆ మ్యాచ్ చూసినవాళ్లెవరూ ఇంకా మర్చిపోలేదు. 22, 20 అంకెలు ఎందుకొచ్చాయంటే, 20-20 అయ్యాక రెండు పాయింట్ల తేడా రావాలి. రాకుండా లాగుతూ 29-29 దాకా పోతే, తర్వాతి పాయింట్ ఎవరిదైతే గేమ్ వాళ్లదే. మూడు గేముల్లో రెండు గెలవాలి. ఆ టెన్షన్ మీ 15 పాయింట్ల ఆటలో ఉందా? మీరు ఉందనే అంటారు, తెలుసు.

ప్రశ్న: సర్వీస్ నడుము కింద నుంచి వేయాలని ఒకరు, ఛాతీ దాకా పర్లేదని ఇంకొకరు అంటున్నారు. ఏది కరెక్ట్? – డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నడుము అనేది పాత రూలు బాబూ. అదీ ప్యాంటు కట్టుకునే చోటు కాదు, చివరి పక్కటెముక అంచు. ఎవరి పక్కటెముక ఎక్కడుందో అంపైర్ ఏం చూస్తాడు? ఆ తగువు తప్పించడానికే 2018లో ఎత్తు ఒక్కటి చేశారు. రాకెట్ తగిలే క్షణానికి షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల కిందే ఉండాలి. పొడుగువాళ్లు అప్పట్లో బాగానే గొణిగారు, వాళ్లే కదా వంగాల్సింది.

మీ దగ్గర కొలిచే పరికరం ఉండదు కాబట్టి ఒక పని చేయండి. సరైన నెట్ స్తంభం ఎత్తు 1.55 మీటర్లు. పై నుంచి 40 సెంటీమీటర్లు కిందకి కొలిచి రంగు టేపు చుట్టండి. అదే మీ గీత. ఇంకో రెండు సంగతులు: సర్వీస్ వేసేటప్పుడు రెండు పాదాలూ నేలను తాకుతూ కదలకుండా ఉండాలి. షటిల్ నెట్‌కి రాసుకుని సరైన బాక్సులో పడితే అది మంచి సర్వీసే. టెన్నిస్ చూసి వచ్చినవాళ్లు ‘లెట్’, అంటే మళ్లీ ఆడాలి, అని అరుస్తారు, పట్టించుకోకండి.

ప్రశ్న: షటిల్ గీత మీద పడితే ఇన్నా, అవుటా? బయటికి పోయే షటిల్ ఒంటికి తగిలితే? – మెహదీపట్నం నుంచి ఒకరు

జవాబు: గీత మీద పడితే ఇన్. ఒంటికి తగిలితే, అది అవుట్‌కే పోతున్నా, పాయింట్ మీరు పోగొట్టుకున్నట్టే. కాబట్టి పక్కకి తప్పుకోండి.

యూసఫ్‌గూడ ఇండోర్ స్టేడియంలో లైన్ జడ్జిగా కూర్చున్నప్పుడు నాకూ ఆటగాడు అడ్డొచ్చి షటిల్ పడిన చోటు కనిపించని సందర్భాలున్నాయి. అప్పుడు ఊహించి చెప్పకూడదు. రెండు చేతులతో కళ్లు మూసుకుని చూపిస్తాం. అంపైర్‌కీ కనిపించకపోతే ఆ ర్యాలీ మళ్లీ ఆడిస్తారు. కాలనీ ఆటలోనూ అంతే, ఎవరూ చూడకపోతే గొంతు పెద్దదున్నవాడి మాట చెల్లదు.

ప్రశ్న: మేం ఆడే హాల్‌లో స్లాబ్ కిందికి ఉంటుంది. లాబ్, అదే షటిల్‌ను ఎత్తుగా లేపితే దూలానికి తగులుతోంది. – ఉప్పల్

జవాబు: మామూలు రూలు ప్రకారం పైకప్పుకు తగిలితే కొట్టినవారి ఫాల్టే, పాయింట్ పోయినట్టే. అయితే కట్టడమే ఇబ్బందిగా ఉన్న చోట నిర్వాహకులు సొంత నిబంధన పెట్టుకోవచ్చు. మీరు ‘దూలానికి తగిలితే లెట్’ అని పెట్టుకోండి. కాకపోతే మొదటి సర్వీస్ వేయకముందే, నలుగురూ ఒప్పుకున్నాక. 19-20 దగ్గర దూలం గుర్తొస్తే కుదరదు.